వినే పాటను బట్టి బుర్ర ఎంతో తెలుస్తుందా?

ప్రశ్న: మాది దర్శి దగ్గర ఒక పల్లెటూరు. డిగ్రీలో గణితం చదివాను. పెళ్ళయి రెండేళ్ళుగా నెల్లూరులో అత్తవారింట్లో ఉంటున్నాను. ఇక్కడ అందరికీ కర్ణాటక సంగీతం తెలుసు. అత్తగారు వీణ వాయిస్తారు, మావారు ఆలాపన వినగానే రాగం పేరు చెప్పేస్తారు. నాకేమో చిన్నప్పటి నుంచి కోలాటం, చెక్కభజన, తిరునాళ్ళలో తెల్లవార్లూ ఆడే పద్యనాటకాలు ఇష్టం. వంట చేస్తూ ఫోనులో కోలాటం పాటలు పెట్టుకుంటే మా ఆడపడుచు "వినే పాటను బట్టే మనిషి బుర్ర ఎంతో తెలిసిపోతుంది వదినా" అని నవ్వింది. ఇంట్లో ఎవరూ ఆ మాటకు అడ్డు చెప్పలేదు, మావారు కూడా. పుట్టింటి నుంచి తెచ్చుకున్న తోలుబొమ్మను హాల్లో తగిలిస్తే మురికిగా ఉందని వెనక గదిలోకి మార్చారు. ఇప్పుడు నాకు ఆరో నెల. బిడ్డకు తెలివితేటలు రావాలంటే ఆ పాటలు మానేసి కీర్తనలే వినాలని అత్తగారు అంటున్నారు. మా ఊళ్ళో కోలాటం గురువుగారు 16 జతలు వస్తే ఒక జతను కూర్చోబెట్టి 15 జతలతోనే ఆడించేవారు. ఎందుకో తెలియక ఇంటికి వచ్చి గవ్వలు రెండు వరసలుగా గుండ్రంగా పేర్చి జరిపి చూస్తే, 16 అయితే సగం మందితోనే కోలలు కలుస్తాయని తేలింది. అలాంటి ఆటలతో గడిచిపోయింది తప్ప సరిగమలు నేర్చుకునే వీలు మాకు లేకపోయింది. సంగీతంలో అభిరుచిని బట్టి నిజంగా తెలివి తెలుస్తుందా? ఇప్పుడైనా నేను సంగీతం నేర్చుకోవాలా?

సమాధానం: అమ్మా, మీ ఉత్తరంలో ప్రశ్న చివర ఉంది గానీ, దానికి జవాబు మీరు మాటవరసకు రాసిన గవ్వల సంగతిలోనే ఉంది. దాని దగ్గరకు వస్తాను. ముందు సూటిగా చెబుతాను: ఒక మనిషి ఏ పాటను ఇష్టపడతాడో తెలిసినంత మాత్రాన అతని తెలివి ఎంతో తెలియదు. అతను ఎక్కడ పుట్టాడో, చిన్నతనంలో ఎవరి పక్కన కూర్చుని ఏం విన్నాడో, ఏ పండగకు ఎవరితో కలిసి ఆడాడో ఆ ఇష్టం చెబుతుంది. అవన్నీ తెలుసుకోదగిన సంగతులే. వాటిని బుర్రకు కొలతగా వాడడం మాత్రం పొరపాటు. ఆ పొరపాటు ఇప్పుడు నిండు మనిషిని సొంత ఇంట్లోనే చిన్నబుచ్చే దాకా వచ్చింది గనక కొంచెం వివరంగానే చెప్పవలసి ఉంది.

మీ గవ్వలను నేను కూడా పేర్చి చూశాను. గవ్వలు దొరకక చింతగింజలతో. లోపలి వలయంలో 16 మంది, బయటి వలయంలో 16 మంది ఎదురెదురుగా నిలబడి, ఒక కోపు, అంటే ఒక వరస ఆట, ముగిసినప్పుడల్లా లోపలివారు కుడికి ఒక స్థానం, బయటివారు దానికి ఎదురుదిక్కుకు ఒక స్థానం జరిగితే, ఎవరి ఉద్ది, అంటే ఎదుటి జోడీ, వారికి ఒక్కో మార్పులో రెండేసి స్థానాలు ఎడమవుతుంది. 16 స్థానాల వలయాన్ని రెండేసి చొప్పున దాటుకుంటూ పోతే 8 మార్పులకే మొదటి ఉద్ది మళ్ళీ ఎదుటికి వచ్చేస్తుంది. తక్కిన 8 మందితో ఆ రాత్రంతా ఆడినా కోల తగలదు. అదే 15 జతలైతే ఒక చుట్టులో వదిలేసిన స్థానాలన్నీ రెండో చుట్టులో తగులుతాయి. 15 మందితోనూ కోల కలిపిన తరవాతే మొదటి ఉద్ది ఎదురవుతుంది. తరవాతెప్పుడో డిగ్రీలో మీకు పరస్పర ప్రధాన సంఖ్యలని (2, 15 లాగా 1 తప్ప ఉమ్మడి భాజకం లేనివి) పాఠం చెప్పి ఉంటారు. ఆ పాఠం మీరు ఇంటి వసారాలో, పాట చెవుల్లో మోగుతుండగానే, ఎవరూ చెప్పకుండా పట్టుకున్నారు.

అయితే కోలాటం ఇష్టపడేవారంతా ఇంత తెలివైనవారని చెప్పడానికి నేను దీన్ని వాడుకోను. అలా అంటే మీ ఆడపడుచు అన్న మాటనే తిరగేసి అన్నట్టు అవుతుంది. ఆ 16 జతల్లో 32 మంది పిల్లలు ఉన్నారు. అందరూ అదే పాట విన్నారు, అవే అడుగులు వేశారు, బహుశా అందరికీ అదే ఆనందం కలిగింది. ఒక జతను ఎందుకు కూర్చోబెట్టారని ఇంటికి వచ్చి గవ్వలు పేర్చింది మీరు. ఇష్టమైన పాట అందరికీ ఒక్కటే అయినా, దానితో ఎవరి బుర్ర ఏం చేసిందన్నది ఎవరికి వారిదే. అందుకే పాట పేరు విని మనిషి లోపల ఏం జరుగుతున్నదో చెప్పలేము.

నేను ఒంగోలులో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో పొదిలి వైపు ఒక ఊరికి శ్రీరామనవమికి వెళ్ళాను. రాత్రి చెక్కభజన జరిగింది. నడిపించిన గురువుగారికి డెబ్బై దాటాయి, సంతకం రాక వేలిముద్ర వేసే మనిషి. మర్నాడు ఉదయం నేను దిగిన ఇంటి అరుగు మీద రేడియోలో మిశ్రచాపు తాళంలో ఒక కీర్తన వస్తోంది. ఆయన అటుగా వెళ్తూ ఆగి, భుజం మీది తువ్వాలు సర్దుకుని కాసేపు విని, అరుగు రాతి మీద వేళ్ళతో మూడు, నాలుగు, మళ్ళీ మూడు, నాలుగు దెబ్బలు వేసి, "ఇది మా ఏడు దెబ్బల అడుగే సామీ, కాకపోతే నిదానంగా నడిపిస్తున్నాడు" అన్నారు. తకిట తకధిమి అని సంగీతం గురువులు చెప్పే నడక అదే. మన స్త్రీల పాటలు ఎన్నో నడిచేదీ, ముత్యాల సరం ఛందస్సు నడిచేదీ ఆ మూడూ నాలుగుల మీదనే. ఆయన కీర్తనలను ఇష్టపడేవారు కాదు, వాటిని వినే అలవాటు కూడా ఆయనకు లేదు. కానీ తన చెవికి కొత్తదైన సంగీతంలో తనకు తెలిసిన లెక్కను ఒక్క నిమిషంలో పోల్చుకున్నారు. అదే ఏడాది ఒక కచేరీలో నా పక్కన కూర్చున్న పెద్దమనిషి, కీర్తనలంటే ప్రాణం పెట్టే ఆయనే, మిశ్రచాపు కీర్తన మొదలు నుంచి చివరి దాకా తొడ మీద ఎనిమిది దెబ్బల ఆదితాళం వేస్తూనే ఉన్నారు. ఆయన మంచి వైద్యులని ఊరంతా చెప్పుకునేవారు, నేనూ ఆయన చేతి మందు తిన్నవాణ్ణే. తాళం తప్పినందువల్ల ఆయన తెలివికి వచ్చిన లోటేమీ లేదు. కీర్తనలను ఇష్టపడినందువల్ల తాళజ్ఞానం అబ్బిందీ లేదు.

ఈ విషయంలో పరిశోధనలు లేకపోలేదు, వాటిలో ఉన్న కాస్త నిజాన్ని కూడా దాచకుండా చెప్పడం న్యాయం. సంగీతంలో ఇష్టాలకూ స్వభావానికీ సంబంధం ఉందా అని 2003లో ఇద్దరు అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు, రెంట్‌ఫ్రో, గాస్లింగ్, పెద్ద పరిశీలన చేశారు. సంక్లిష్టమైన సంగీతాన్ని ఇష్టపడేవారిలో కొత్త అనుభవాలను ఆహ్వానించే స్వభావం కొంత ఎక్కువగా కనిపించింది. అది స్వభావానికి సంబంధించినది. తరవాత క్రొయేషియాలో హైస్కూలు విద్యార్థులను పరీక్షించిన వారికి, మాటలు లేని వాద్యసంగీతాన్ని ఇష్టపడడానికీ తెలివి పరీక్షలో మార్కులకూ కొద్దిపాటి సంబంధం కనిపించింది. ఇలాంటి కొద్దిపాటి సంబంధాలు వందలమందిని కలిపి లెక్క వేసినప్పుడు సగటులో కనిపించేవి. వాటిని పట్టుకుని వంటింట్లో నిలబడి ఉన్న ఒక్క మనిషిని గురించి తీర్పు చెప్పడానికి వీల్లేదు.

2009లో అమెరికాలో ఒక విద్యార్థి ఇంకా ముందుకు వెళ్ళి, ఏ కళాశాలలో ఏ సంగీతాన్ని ఎక్కువమంది ఇష్టమని రాసుకున్నారో చూసి, ఆ కళాశాల ప్రవేశపరీక్ష సగటు మార్కులతో జతచేసి ఒక పట్టిక తయారు చేశాడు. పైన పాశ్చాత్య శాస్త్రీయ స్వరకర్త బీథోవెన్, కింద ఒక ర్యాప్ గాయకుడు వచ్చారు. ప్రపంచమంతా దాన్ని చెప్పుకుని నవ్వుకుంది, కొందరు నమ్మారు కూడా. మన నెల్లూరులో ఎక్కువ ర్యాంకులు వచ్చే కాలేజీ ఎదుట ఉన్న కొట్లో ఏ టీ అమ్ముడుపోతుందో చూసి, ఆ టీ తాగితే ర్యాంకు వస్తుందనడం ఎలాంటిదో ఇదీ అలాంటిదే. ఆ కళాశాలలకు ఏ ఇళ్ళ పిల్లలు వెళ్ళగలుగుతారు, ఆ ఇళ్ళలో ఏ సంగీతం మోగుతుంది అన్నది వదిలేసి, మిగిలినదానికి తెలివి అని పేరు పెట్టారు.

ఆ వదిలేసిన భాగం మీదనే ఫ్రాన్సులో పియెర్ బూర్ద్యూ అనే సమాజ శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి పనిచేశారు. 1960లలో 1,200 మందికి పైగా మనుషులను, ఏ సంగీతం ఇష్టం, ఏ చిత్రం అందంగా ఉంది, ఇంట్లో ఎలాంటి సామాను పెట్టుకుంటారు అని అడిగి, 1979లో గ్రంథంగా వెలువరించారు. జవాబులు వారి చదువునూ, తండ్రి చేసిన వృత్తినీ అనుసరించి వరసగా విడిపోయాయి. మంచి అభిరుచి అని పైవర్గాలవారు పిలిచేది చాలావరకు వారి ఇళ్ళలో చిన్ననాడే అబ్బిన అలవాటనీ, అది పుట్టుకతో వచ్చిన గొప్పతనంలాగా కనిపించడం వల్లనే తక్కినవారిని తక్కువ చేయడానికి పనికివస్తుందనీ ఆయన చూపించారు. మీ ఇంటి హాల్లో నుంచి తోలుబొమ్మ వెనక గదిలోకి పోయిన సంగతి చదువుతున్నప్పుడు నాకు ఆ గ్రంథమే గుర్తుకు వచ్చింది. మీ అత్తవారు చెడ్డవారని నేను అనడం లేదు; వారి ఇంట్లో వీణ మోగుతూ ఉండబట్టి అదే సహజమని వారు నిజంగానే నమ్ముతున్నారు, నమ్మకం కావడం వల్లనే దాన్ని గురించి మళ్ళీ ఆలోచించలేదు.

సంగీతం అసలే పట్టని మహాబుద్ధిమంతులు కూడా ఉన్నారు. ఛార్లెస్ డార్విన్ చదువుకునే రోజుల్లో కేంబ్రిడ్జిలో స్నేహితులతో కలిసి సంగీతం వినడానికి వెళ్ళేవాడు, విని పులకించేవాడు కూడా. కానీ అపస్వరం పలికినా పట్టుకోలేని చెవి ఆయనది, ఏ పాటనూ సరిగ్గా కూనిరాగం తీయలేకపోయేవాడు. స్నేహితులు తెలిసిన పాటలనే కొంచెం వేగంగానో నిదానంగానో వాయించి, ఇదేమిటో చెప్పమని పరీక్ష పెట్టేవారు. తమ దేశపు రాజగీతాన్ని సైతం ఆయన అలా పోల్చుకోలేకపోయాడు. ఈ సంగతి తన ఆత్మకథలో ఆయనే రాసుకున్నాడు. జీవపరిణామాన్ని గురించి లోకం ఆలోచనను మార్చిన మనిషిని ఆ గదిలో మీ ఆడపడుచు కొలతతో కొలిస్తే ఏమని తేలుతుందో ఆలోచించండి. అదే ఆత్మకథలో వృద్ధాప్యంలో తనకు కవిత్వం మీద, సంగీతం మీద రుచి చచ్చిపోయిందని బాధపడ్డాడు. మళ్ళీ బతికే అవకాశం వస్తే వారానికి ఒక్కసారైనా కొంత కవిత్వం చదివి, కొంత సంగీతం వినడం నియమంగా పెట్టుకుంటానన్నాడు. సంగీతం లేకపోవడాన్ని ఆయన సుఖానికి జరిగిన నష్టంగా చూశాడు, నాకూ అదే సరైన చూపు అనిపిస్తుంది. మనసు లోతులను గురించి అంత రాసిన ఫ్రాయిడ్ కూడా, సంగీతం నుంచి తాను ఆనందం దాదాపుగా పొందలేనని 1914లో ఒక వ్యాసంలో ఒప్పుకున్నాడు.

ఇక మన గడ్డ మాట. మీ ఇంట్లో వీణ మీద పలికే కృతులు చాలావరకు త్యాగరాజస్వామివో శ్యామశాస్త్రిగారివో అయి ఉంటాయి. త్యాగరాజస్వామి పూర్వీకులది కంభం సీమలోని కాకర్ల గ్రామమనీ, ఇంటిపేరు అక్కడి నుంచి వచ్చిందేననీ చెబుతారు. శ్యామశాస్త్రిగారి పెద్దలు కూడా కంభం ప్రాంతం నుంచే తమిళదేశానికి వలస వెళ్ళారని పరంపరగా వస్తున్న మాట. మీ దర్శికి పడమటగా ఉన్న ఆ మెట్టసీమకూ, మీ అత్తగారి వీణకూ మధ్య దూరం మీ ఇంటివారు అనుకుంటున్నంత ఎక్కువ కాదు. ఒంగోలు పక్కనే ఉన్న కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబు, తరతరాలుగా గుళ్ళలో నాదస్వరం వాయించే ముస్లిం కుటుంబంలో పెరిగి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్నారు. ఆయన ప్రతిభ ఆయనది, సాధన ఆయనది. కానీ పొద్దున లేస్తే చెవిలో రాగం పడే ఇంట్లో కాకుండా, అదే బుర్రతో పక్క వీధిలో బళ్ళు చేసే ఇంట్లో పుట్టి ఉంటే ఆయన ఏ పాటను ఇష్టపడేవారో మనం చెప్పలేము. నెల్లూరులో హరికథలు చెప్పిన తండ్రికి కొడుకైన ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారు శాస్త్రీయ సంగీతాన్ని గురుముఖంగా అభ్యసించకపోయినా, ఆ సంగీతమే ప్రాణంగా నడిచే చలనచిత్రానికి పాడి జాతీయ పురస్కారం పొందారు. హరికథను ఒకసారి శ్రద్ధగా వినండి. కీర్తన, పద్యం, జానపదుల వరస, పిట్టకథ అన్నీ ఒకే గొంతులో ఒకదాని వెంట ఒకటి వస్తాయి. చెప్పే భాగవతారు గానీ వినే జనం గానీ ఇది పైది, ఇది కిందిది అని ఆగి విడదీసుకోరు.

మీ అత్తగారు బిడ్డను గురించి అన్న మాటకు మూలం బహుశా 1993లో వచ్చిన ఒక పరిశోధన. కాలిఫోర్నియాలో 36 మంది కళాశాల విద్యార్థులకు 10 నిమిషాలు మోజార్ట్ అనే పాశ్చాత్య స్వరకర్త సంగీతం వినిపిస్తే, కాగితాన్ని మడిచి కత్తిరిస్తే విప్పినప్పుడు ఎలా ఉంటుందో ఊహించే తరహా పరీక్షలో వారు కొంత మెరుగ్గా చేశారు. ఆ మెరుగు 10, 15 నిమిషాల్లో పోయింది. అందులో పసిబిడ్డలు లేరు, గర్భిణులు లేరు. అయినా ఆ వార్త ఎంత పాకిందంటే, 1998లో జార్జియా రాష్ట్ర గవర్నరు పుట్టిన ప్రతి బిడ్డకూ ఆ సంగీతం పంచడానికి 1,05,000 డాలర్లు కావాలని బడ్జెట్లో అడిగాడు. తరవాత చాలామంది మళ్ళీ పరీక్షించి చూశారు. మోజార్ట్‌కు బదులు కథ వినిపించినప్పుడు, కథ ఇష్టమైనవారు కథ విన్న తరవాతే బాగా చేశారని 1999లో తేలింది. ఇష్టమైనది విన్నప్పుడు మనసు హుషారుగా ఉంటుంది, హుషారుగా ఉన్న మనసు కాసేపు చురుగ్గా పనిచేస్తుంది. అంతవరకే ఆ మహిమ. ఆ లెక్కన మీకు పనికివచ్చేది మీ కోలాటం పాటే. వినడం వేరు, నేర్చుకోవడం వేరు అన్నది కూడా గుర్తుంచుకోవాలి. 2004లో టొరంటోలో ఆరేళ్ళ పిల్లలు 144 మందితో చేసిన ప్రయోగంలో ఒక ఏడాది సంగీతం నేర్చుకున్నవారికి తెలివి పరీక్షలో మిగతావారికంటే కొద్దిపాటి పెరుగుదల కనిపించింది, కానీ తరవాతి ప్రయోగాలన్నీ దాన్ని సమర్థించలేదు.

కడుపులోని బిడ్డకు ఆరో ఏడో నెల నుంచి వినికిడి వస్తుంది. ఆ బిడ్డకు అన్నిటికంటే బాగా వినిపించేది తల్లి గొంతు. పుట్టి మూడు రోజులైనా నిండని పసికందులు పరాయి స్త్రీ గొంతు కంటే తల్లి గొంతునే కోరుకుంటారని 1980లోనే ప్రయోగం చేసి చూపించారు. కాబట్టి మీరు పాడండి. ఏది పాడితే మీ ఒంట్లో అలసట తగ్గుతుందో అది పాడండి. మీ అత్తగారు వీణ వాయిస్తున్నప్పుడు వెళ్ళి పక్కన కూర్చోండి. బిడ్డకు రెండూ వినే భాగ్యం ఉంది. తిరునాళ్ళలో పెద్ద సౌండు బాక్సుల పక్కన మాత్రం ఈ మూడు నెలలూ నిలబడకండి, అది ఏ పాటైనా సరే.

సంగీతం నేర్చుకోవాలా అన్నారు. మీకు కుతూహలం ఉంటే తప్పకుండా నేర్చుకోండి, తాళాల లెక్కలు మీ బుర్రకు పండగలా ఉంటాయి. ఆడపడుచు నోరు మూయించడానికి మాత్రం వద్దు. అలా మొదలుపెట్టిన చదువులో ప్రతి తప్పూ అవమానంగా తోస్తుంది, తప్పులు చేయకుండా సంగీతం వచ్చిన మనిషి లేడు. నేర్చుకునేటట్టయితే బయట తరగతికి పోకుండా మీ అత్తగారినే అడగండి. కోడలిని చిన్నచూపు చూసిన మనిషి దగ్గర శిష్యరికమా అని మీకు అనిపించవచ్చు. కానీ ఆవిడ మీ తెలివిని పాట పేరును బట్టి కాకుండా దగ్గర కూర్చుని చూసే అవకాశం అక్కడే దొరుకుతుంది. ఆవిడ తాళం చెబుతుంటే మీరు లెక్క పట్టుకునే వేగం ఆవిడ కంటికి ఆనకపోదు.

మీ ఆయనతో మాత్రం విడిగా, నెమ్మదిగా, స్పష్టంగా మాట్లాడాలి. ఆడపడుచు మాట కంటే ఆయన మౌనమే మిమ్మల్ని ఎక్కువ గుచ్చిందని మీ ఉత్తరంలో "మావారు కూడా" అని మీరు విడిగా రాసిన ఆ రెండు మాటలే చెబుతున్నాయి. ఆ సంగతి ఆయనకు తెలియకపోవచ్చు. ఇద్దరూ మంచం మీద కూర్చుని ఆ గవ్వల ఆట ఒకసారి ఆడండి. 16 పేర్చి, ఎందరితో కోలలు కలుస్తాయో ముందుగా ఆయననే చెప్పమనండి. రాగాలను పోల్చుకోగల మనిషికి వరసలు నచ్చుతాయి.

తోలుబొమ్మను ఇంకో గోడకు తగిలించవద్దు. పలచగా గీకిన మేకతోలు మీద ఎర్రటి, పచ్చటి రంగులు వేసి, నగల చోట ఉలితో సన్నని చిల్లులు కొట్టేది వెనక నుంచి దీపం పడడానికే. గోడకు ఆనించితే ఎవరికైనా అది మురికిగానే కనిపిస్తుంది, ఆ విషయంలో మీ అత్తవారి కళ్ళను తప్పుపట్టలేము. తూర్పు కిటికీకి కట్టండి, ఎండ సూటిగా ఎక్కువసేపు పడితే తోలు ముడుచుకుంటుంది గనక పది గంటలకు తీసేయండి.

చివరగా నా కోరిక ఒకటి. మీ కోలాటం గురువుగారికి 15 జతల నియమం ఎవరు చెప్పారో, ఆయనా మీలాగే పేర్చి చూసుకుని కనిపెట్టారో, 9 జతలో 21 జతలో వచ్చినప్పుడు ఏం చేసేవారో, పురుడు పోసుకోవడానికి పుట్టింటికి వెళ్ళినప్పుడు వీలుచూసుకుని అడిగి నాకు రాయండి.